365కీ 364కీ మధ్య ఓ వీసా

డాలస్‌లో ఎమ్మెస్‌ చదువుతున్నారనుకోండి. సరుకులకి వెళ్లారు. సెల్ఫ్‌ చెకౌట్‌లో కొన్ని వస్తువులు స్కాన్‌ చేయకుండానే సంచిలో వేసుకున్నారు. గుమ్మం దగ్గర సెక్యూరిటీ ఆపాడు, పోలీసులొచ్చారు. 'మిస్‌డిమీనరే కదరా, ఫైన్‌ కట్టేస్తే అయిపోతుంది' అంటాడు రూమ్మేట్‌. ఆ మాట నమ్మే ముందు ఇది చదవండి.

అమెరికాలో నేరాలు ప్రధానంగా రెండు రకాలు. చిన్నవి మిస్‌డిమీనర్లు, పెద్దవి ఫెలనీలు. చాలాచోట్ల గీత ఏడాది జైలు దగ్గర ఉంటుంది. గరిష్ఠ శిక్ష ఏడాది మించితే ఫెలనీ. ఇక్కడ 'గరిష్ఠ' అన్న మాటే కీలకం. జడ్జి మీకు ఎంత వేశారన్నది కాదు, చట్టం ఎంతవరకు వేయనిస్తుందన్నదే లెక్క. ఒక్క రోజూ జైల్లో ఉండకపోయినా ఫెలనీ ఫెలనీయే.

పైగా ఈ గీత రాష్ట్రాన్ని బట్టి మారుతుంది. టెక్సస్‌లో దొంగతనం విలువ 2,500 డాలర్లకు చేరితే ఫెలనీ. న్యూజెర్సీ చట్టం అసలు ఈ పేర్లే వాడదు కానీ, 200 డాలర్లకే వ్యవహారం పెద్ద నేరాల కోవలోకి వెళ్తుంది. అంటే 900 డాలర్ల ఫోన్‌ కొట్టేస్తే ఒకచోట చిన్న నేరం, ఇంకోచోట పెద్దది!

అసలు చిక్కు ఇమిగ్రేషన్‌ చట్టంతో. దానికి ఈ లేబుళ్ల మీద పెద్ద గౌరవం లేదు. దొంగతనాన్ని సాధారణంగా నైతిక పతనాన్ని చూపే నేరంగా లెక్కేస్తుంది. దేశంలో అడుగుపెట్టిన అయిదేళ్లలోపు అలాంటి నేరం చేసి దోషిగా తేలితే, దానికి 'ఏడాది లేదా అంతకు మించి' శిక్ష పడే వీలుంటే, వెనక్కి పంపించేయొచ్చు. టెక్సస్‌లో 750 డాలర్లు దాటిన దొంగతనం మిస్‌డిమీనరే, కానీ గరిష్ఠ శిక్ష సరిగ్గా ఏడాది. దొరికిపోయారు! కోడ్‌ రాసేవాళ్లకి తెలిసిన ఒక్క అంకె తేడా బగ్‌ లాంటిదే ఇదీ. అందుకే కాలిఫోర్నియా 2015లో, న్యూయార్క్‌ 2019లో మిస్‌డిమీనర్‌ గరిష్ఠ శిక్షని 365 నుంచి 364 రోజులకు తగ్గించాయి.

ఇంకో ఉచ్చు ఉంది. టెక్సస్‌లో 'డిఫర్డ్‌ అడ్జుడికేషన్‌' అని ఒకటి ఇస్తారు. తప్పు ఒప్పుకుని, కొన్నాళ్లు షరతుల ప్రకారం నడుచుకుంటే కేసు కొట్టేస్తారు. రాష్ట్రం లెక్కలో మీరు దోషి కాదు. ఇమిగ్రేషన్‌ లెక్కలో దోషే. తప్పు ఒప్పుకున్నారు, షరతులు పడ్డాయి, దానికి అంతే చాలు. ఇక మద్యం తాగి బండి నడిపారా, తీర్పు దాకా అక్కర్లేదు. అరెస్టుతోనే వీసా రద్దు కావచ్చు.

2010లో పడీయా వర్సెస్‌ కెంటకీ కేసులో అమెరికా సుప్రీంకోర్టు ఒక మాట తేల్చింది. తప్పు ఒప్పుకుంటే దేశం వదలాల్సి వస్తుందా అన్నది విదేశీయుడైన క్లయింటుకి చెప్పాల్సిన బాధ్యత లాయర్‌దే. 'ఇన్నేళ్లుగా ఇక్కడే ఉన్నావు, ఫర్లేదు' అన్న లాయర్‌ మాట నమ్మిన గ్రీన్‌కార్డుదారుడి కేసది. నలభై ఏళ్లకు పైగా అమెరికాలో ఉన్న మనిషి, వియత్నాం యుద్ధంలో పనిచేసినవాడు.

కాబట్టి కోర్టు హాల్లో సంతకం పెట్టే ముందు లాయర్ని రెండే అడగండి. ఈ సెక్షన్‌ కింద గరిష్ఠ శిక్ష ఎన్ని రోజులు? నా ఎఫ్‌-1 సంగతేంటి? రెండోదానికి ఆయన తడబడితే, వాయిదా అడిగి ఇమిగ్రేషన్‌ లాయర్‌ దగ్గరికి వెళ్లండి. కేసు పత్రాల నకళ్లు దాచుకోండి. తర్వాత స్టాంపింగ్‌కి వెళ్లినప్పుడు, ఎప్పుడైనా అరెస్టయ్యారా అని డీఎస్‌-160 ఫారం అడుగుతుంది. కేసు కొట్టేసినా సరే, అక్కడ 'అవును' అనే రాయాలి.