పేరుకే మెత్తన: సాఫ్ట్ మేపుల్‌తో ఇంటి వడ్రంగం

అమెరికాలో ఇల్లు కొనుక్కున్న తెలుగువాళ్ళలో చాలామందికి ఏదో ఒక రోజున రంపం చేతపట్టాలన్న కోరిక పుడుతుంది. పుస్తకాల బీరువా కావచ్చు, పిల్లలు చదువుకునే బల్ల కావచ్చు, పూజా మందిరం కావచ్చు. తీరా మొదలుపెడదామంటే, టేకు ధర చూస్తే గుండె గుభేలుమంటుంది. వీధి చివరి పెద్ద దుకాణంలో చవగ్గా దొరికే పైను పలకేమో గోటితో నొక్కితే సొట్ట పడుతుంది. ఈ రెంటికీ మధ్య మంచి దారి ఒకటి ఉంది. అదే సాఫ్ట్ మేపుల్. ఇర్వింగ్‌లో మా గరాజులో శనాదివారాలు నేను ఎక్కువగా కోసేది ఈ కర్రనే. దీన్ని ఎలా ఎంచుకోవాలో, దీనితో ఎలా మెలగాలో చూద్దాం.

పేరులో తిరకాసు

ముందుగా ఒక సందేహం తీర్చుకోవాలి. సూదుల్లాంటి ఆకులుండే పైను, ఫర్ వంటి చెట్ల కలపని సాఫ్ట్‌వుడ్ అంటారు. వెడల్పాటి ఆకులుండే చెట్ల కలప హార్డ్‌వుడ్. ఇది చెట్టు జాతిని బట్టి వచ్చిన పేరే కాని, గట్టిదనాన్ని బట్టి కాదు. ఆ లెక్కన బొమ్మ విమానాలు చేసే బాల్సా కూడా హార్డ్‌వుడ్డే! సాఫ్ట్ మేపుల్ కూడా హార్డ్‌వుడ్డే. దాని అన్నగారు హార్డ్ మేపుల్‌తో పోలిస్తే కాస్త మెత్తన, అంతే.

హార్డ్ మేపుల్ అంటే పాకం తీసే షుగర్ మేపుల్, దాని దగ్గర చుట్టం బ్లాక్ మేపుల్. సాఫ్ట్ మేపుల్ అన్నది ఒక చెట్టు పేరు కాదు. రెడ్ మేపుల్, సిల్వర్ మేపుల్, పడమటి తీరంలో పెరిగే బిగ్‌లీఫ్ మేపుల్, ఇవన్నీ ఆ ఒక్క చీటీ కిందే అమ్ముడుపోతాయి. అసలు చిక్కు ఇక్కడే ఉంది.

కర్ర గట్టిదనాన్ని కొలవడానికి జాంకా పరీక్ష అని ఒకటుంది. 0.444 అంగుళాల ఉక్కు గుండుని కర్రలోకి సగం వరకు దించడానికి ఎన్ని పౌన్ల బలం కావాలో అదే ఆ కర్ర జాంకా అంకె. హార్డ్ మేపుల్‌కి 1,450, టేకుకి సుమారు 1,070, రెడ్ మేపుల్‌కి 950, బిగ్‌లీఫ్‌కి 850, సిల్వర్‌కి 700, తెల్ల పైనుకి 380. అంటే రెడ్ మేపుల్ టేకుకి దగ్గరగా వస్తుంది, సిల్వర్ మేపుల్ బాగా వెనకబడుతుంది. అందుకని దుకాణంలో "సాఫ్ట్ మేపుల్ ఉందా?" అని ఊరుకోకుండా "రెడ్డా, సిల్వరా?" అని కూడా అడగండి. చెప్పలేకపోతే ఒకే కొలత పలకలు రెండు చేతుల్లోకి తీసుకుని, బరువుగా ఉన్నది ఎంచుకోండి. ఇంట్లో ఉన్న ముక్క హార్డా, సాఫ్టా తేల్చుకోవాలంటే తోటపనికి వాడే ఐరన్ సల్ఫేట్ నీళ్ళలో కలిపి ఒక చుక్క వెయ్యండి. సాఫ్ట్ మేపుల్ నీలం కలిసిన నలుపుకి తిరుగుతుంది, హార్డ్ మేపుల్ ఆకుపచ్చగా మారుతుంది.

మన పనివాళ్ళకి ఈ వివేకం ఎప్పటినుంచో ఉంది. కొండపల్లి బొమ్మకి తేలికైన తెల్ల పొణికి, ఏటికొప్పాక లక్క బొమ్మకి నున్నగా తిరిగే అంకుడు, బొబ్బిలి వీణకి పనస. ఏ కర్ర గొప్పది అని కాదు, ఏ పనికి ఏ కర్ర అన్నదే వాళ్ళ ప్రశ్న.

కొనేటప్పుడు

హార్డ్‌వుడ్ అమ్మే ప్రత్యేకమైన దుకాణాలు డాలస్ చుట్టుపక్కల ఉన్నాయి. అక్కడ లెక్క బోర్డు ఫుట్‌లో ఉంటుంది. ఒక బోర్డు ఫుట్ అంటే 144 ఘనపుటంగుళాలు. మందాన్ని పావు అంగుళాల్లో చెబుతారు. 4/4 అంటే అంగుళం, 8/4 అంటే రెండంగుళాలు. ఎనిమిది అడుగుల పొడవు, ఆరంగుళాల వెడల్పు ఉన్న 4/4 పలక నాలుగు బోర్డు ఫుట్లు. చిత్రిక పట్టాక ఈ అంగుళం ముప్పావు అంగుళం దాకా తగ్గుతుంది. పనికి ఇరవై బోర్డు ఫుట్లు కావాలంటే ఇరవై అయిదు కొనండి. చివరి పగుళ్ళకీ ముడులకీ కొంత పోతుంది.

నాణ్యతలో ఎఫ్.ఎ.ఎస్. అన్నది పై తరగతి. పలకలో 83 శాతం పైగా మచ్చలేని కర్ర రావాలి. నంబర్ వన్ కామన్‌లో దాదాపు 67 శాతం చాలు. చిన్న చిన్న ముక్కలతో చేసే మందిరానికి నంబర్ వన్ చవకలో సరిపోతుంది. పలక చివర కంటి దగ్గర పెట్టుకుని తుపాకీ గురిచూసినట్టు చూడండి, మెలి ఉంటే తెలిసిపోతుంది. చేవ భాగం గోధుమ, బూడిద చారలతో ఉంటుంది, పై భాగం తెల్లగా ఉంటుంది. తెల్లటి వస్తువు కావాలంటే ఓపిగ్గా ఏరుకోవాలి.

తేమ లెక్క

మేపుల్‌ని టేకులా చూడకూడదు. ఈ వ్యాసంలో ఒక్కటే గుర్తు పెట్టుకోదలచుకుంటే ఇది గుర్తు పెట్టుకోండి. కర్ర గాలిలోని తేమని బట్టి ఉబ్బుతుంది, కుంచించుకుపోతుంది, అదీ ముఖ్యంగా అడ్డంగా. పచ్చికర్ర పూర్తిగా ఎండేసరికి మామూలు కోత పలక వెడల్పులో టేకు 5.8 శాతం తగ్గితే, రెడ్ మేపుల్ 8.2 శాతం తగ్గుతుంది.

ఇంట్లో గాలి తేమ 30 శాతం ఉంటే కర్రలో తేమ 6 శాతం దగ్గర నిలుస్తుంది. 55 శాతం అయితే 10కి చేరుతుంది. శీతాకాలం హీటరుకీ వసంతకాలం వానలకీ మధ్య ఇర్వింగ్‌లో ఈపాటి తేడా రావడం వింత కాదు. కర్ర తేమ ఒక శాతం మారితే రెడ్ మేపుల్ వెడల్పు సుమారు 0.29 శాతం మారుతుంది. అంటే 24 అంగుళాల మందిరం వెనక పలక, నాలుగు శాతం తేడాకి, పావు అంగుళం పైగా కదులుతుంది! దాన్ని నాలుగువైపులా జిగురుపెట్టి బిగిస్తే రెండేళ్ళలో పగలడమో, చట్రాన్ని విడదియ్యడమో ఖాయం.

విరుగుడు మన పాత ఇళ్ళ తలుపుల్లోనే ఉంది. చుట్టూ చట్రం, చట్రంలో గాడి, గాడిలో జిగురు లేకుండా వదులుగా కూర్చున్న పలక. జిగురు చట్రం మూలలకే. పలక తన ఇష్టానికి కదులుతుంది, తలుపు తన ఆకారంలోనే ఉంటుంది. ఇంకొక జాగ్రత్త: కొన్న కర్రని గరాజులో కాక, వస్తువు ఉండబోయే గదిలోనే, పలకల మధ్య పుల్లలు పెట్టి ఒకటి రెండు వారాలు ఉంచి అప్పుడు కొయ్యండి.

కోత, రంగు

మేపుల్ తొందరగా మాడుతుంది. రంపం దగ్గర ఆగినా, బ్లేడు మొద్దుబారినా నల్లటి మచ్చలు పడతాయి. పదునైన బ్లేడు, ఆగకుండా ఒకే వేగంతో తొయ్యడం, ఇవే మందులు. రంగు వేస్తే మరకలు మరకలుగా పీలుస్తుంది. ముందుగా పలచటి లక్క పూత, అంటే మైనం తీసిన షెల్లాక్, ఒకటి వేసి, దాని మీద జెల్ రంగు వేస్తే సమంగా పడుతుంది. ఏటికొప్పాక బొమ్మల మెరుపూ ఈ పూతా ఒకే లక్క పురుగు చలవే! తెల్లదనం నిలవాలంటే నీటితో కలిసే పాలీయురితేన్ వాడండి, నూనెది పచ్చబడుతుంది. ఏదైనా సరే ముందు వృథా ముక్క మీద వేసి చూడండి.

పెరట్లో ఉయ్యాలకి మాత్రం ఈ కర్ర వద్దు. వానకి తొందరగా కుళ్ళుతుంది. అక్కడ వైట్ ఓక్ గాని, సీడర్ గాని వాడండి. మందిరంలో దీపం కింద ఇత్తడి పళ్ళెం తప్పనిసరి.

వేళ్ళు, ఊపిరి, నిప్పు

కీబోర్డు మీద బతికేవాళ్ళం, వేళ్ళు ముఖ్యం. 2004లో అమ్మకానికి వచ్చిన సాస్టాప్ రంపంలో బ్లేడుకి చిన్న విద్యుత్ సంకేతం పంపుతూ ఉంటారు. చర్మం తగలగానే సంకేతం మారుతుంది, 5 మిల్లీసెకన్లలో అల్యూమినియం దిమ్మ బ్లేడుని ఆపేస్తుంది. మన భాషలో చెప్పాలంటే హార్డ్‌వేర్ ఇంటరప్ట్ అన్నమాట. దాన్ని కొనలేకపోతే చేతికి బదులు తోపుడు కర్ర తప్పకుండా వాడండి. కర్రపొడి క్యాన్సర్ కారకమని ప్రపంచ ఆరోగ్య సంస్థ పరిశోధనా విభాగం ఎప్పుడో తేల్చింది కనుక ముక్కుకి మంచి మాస్కు, పొడి పీల్చే యంత్రం ఉండాలి. అవిసె నూనె తుడిచిన గుడ్డలు ఉండచుట్టి పడేస్తే వాటంతట అవే వేడెక్కి అంటుకుంటాయి. టెక్సస్ వేసవిలో గరాజు సంగతి చెప్పనక్కర్లేదు. ఆ గుడ్డలని బయట పరిచి ఆరబెట్టండి.

మొదటిసారే మందిరానికి దిగకండి. రెండు బోర్డు ఫుట్ల రెడ్ మేపుల్‌తో ఒక పూజ పీట చెయ్యండి. కోత, చిత్రిక, అతుకు, పూత అన్నీ అందులోనే చేతికొస్తాయి. ఒక ఏడాది వాడాక పీట మీద పగులు లేకపోతే, మందిరానికి కర్ర కొనడానికి బయల్దేరవచ్చు.