మలుపులో అండ

ఫీనిక్స్ బే జెట్టీ వద్ద ఉదయపు వేళ ఎవరైనా పది నిమిషాలు నిలబడితే ద్వీపజీవితం మొత్తం కళ్ళ ఎదుట సాగిపోతుంది. స్వరాజ్ ద్వీపానికీ, షహీద్ ద్వీపానికీ వెళ్ళే ఓడలు కూత వేస్తాయి. మెరైన్ డాక్‌యార్డులో సుత్తి దెబ్బలు మొదలవుతాయి. శ్రీకాకుళం, విశాఖపట్నం జిల్లాల నుండి తరాల క్రిందటే వచ్చి స్థిరపడిన మనవారి మాటలు, తమిళం, బెంగాలీ, హిందీ మాటలతో కలిసి వినిపిస్తాయి. వీటన్నిటి నడుమ ఎత్తుపల్లాల రోడ్డు మీద సైకిలుపై నిలబడి ఎగువకు తొక్కుకొంటూ పోయే పిల్లలు కూడా కనిపిస్తారు. చాలాకాలం వరకు మేము వారిని చూసి, "బడికి ఆలస్యమైనట్లున్నది" అనుకొనేవారమే గాని, అంతకు మించి ఆలోచించినవారము కాము.

ఈ వ్యాసానికి కారణం మా అబ్బాయి చూపించిన ఒక దృశ్యం. కొన్నాళ్ళ క్రిందట వాడు సెలవుపై వచ్చినప్పుడు, రాత్రి భోజనాల తరువాత తన ఫోనులో ఒక కారు పందెం చూపి, "నాన్నగారూ, మీరు ఇంజనీరు గదా, ఇది ఎలా సాధ్యమైనదో చెప్పండి" అన్నాడు. ఆ ప్రశ్నకు సమాధానం చెప్పబోయి మేము మరొక ప్రశ్నలో చిక్కుకొన్నాము. ఆ రెండింటినీ పాఠక మిత్రులతో పంచుకోవాలని మా కోరిక.

గోడను ఆనుకొని గెలిచిన చుట్టు

అమెరికాలో స్టాక్ కారు పందెములు ఎంతో ప్రసిద్ధి పొందినవి. చూపునకు మామూలు కార్లవలె కనిపించే ఒకటిన్నర టన్నుల వాహనాలు అండాకారపు బాటపై వందల చుట్లు తిరుగుతాయి. వర్జీనియా రాష్ట్రంలోని మార్టిన్స్‌విల్ బాట 1947లో ప్రారంభమైనది. దాని చుట్టుకొలత 0.526 మైలు, అనగా సుమారు 847 మీటర్లు. రెండు పొడవైన సరళరేఖలు, రెండు బిగుతైన మలుపులు. పైనుండి చూస్తే మన కార్యాలయాలలో కాగితాలకు పెట్టే క్లిప్పువలె ఉంటుంది. మలుపుల వద్ద వాలు 12 డిగ్రీలు మాత్రమే. అందుచేత అక్కడ ఎంత శక్తిగల ఇంజను ఉన్నా, ప్రతి మలుపు ముందు బ్రేకు త్రొక్కక తప్పదు.

2022లో అమలులో ఉన్న నియమాల ప్రకారం 16 మంది చోదకులు ప్లేఆఫ్ దశకు చేరేవారు. మూడు పందెములకు ఒకసారి నలుగురు చొప్పున తొలగిపోగా, చివరకు నలుగురే మిగిలేవారు. వారి అంతిమ పోరు అరిజోనాలోని ఫీనిక్స్ బాటపై జరిగినది. మన పేటకూ దానికీ పేరు కలవడం కాకతాళీయమే అయినా, మా అబ్బాయి దానిని చెప్పి మురిసిపోయాడు. ఆ నలుగురిని తేల్చే పందెము 2022 అక్టోబరు 30న మార్టిన్స్‌విల్‌లో జరిగిన 500 చుట్ల పందెము.

పుచ్చకాయలు పండించే రైతుకుటుంబంలో పుట్టిన రాస్ చాస్టెయిన్ అనే చోదకుడు ఆఖరి చుట్టులో పదవ స్థానంలో ఉన్నాడు. ముందుకు పోవాలంటే మరి రెండు స్థానాలు కావలెను. మిగిలినది అర చుట్టు. అప్పుడతడు ఎవరూ ఊహించని పని చేశాడు. గేరు పెంచి, బ్రేకు మాట మరచి, కారును వెలుపలి గోడకు ఆనించి, త్రొక్కిన యాక్సిలరేటరు వదలకుండా ఆఖరి మలుపును ఒక్క ఊపున దాటాడు. ఐదు కార్లను వెనుకకు నెట్టి ఐదవవాడుగా గీత దాటాడు. తరువాత మరొక కారు అనర్హమైనందున నాలుగవ స్థానం దక్కినది. ఆ చుట్టుకు పట్టిన కాలం 18.845 సెకన్లు. తక్కినవారికి సుమారు 20 సెకన్లు పట్టే చోట అది ఆ బాటపై రికార్డు. చిన్నతనంలో తమ్మునితో వీడియో ఆట ఆడుతూ ఈ యుక్తిని నేర్చినట్లు అతడే తరువాత చెప్పుకొన్నాడు.

ఇందులో మాయ ఏమీ లేదు. వంపు తిరిగే ఏ వస్తువునకైనా కేంద్రం వైపు లాగే బలం ఒకటి కావలెను. మనం బడిలో చదివిన అభికేంద్ర బలం అదే. వేగం రెట్టింపయితే ఆ బలం నాలుగు రెట్లు కావలెను. మామూలుగా దానిని టైర్ల రాపిడియు, బాట వాలుయు కలిసి ఇస్తాయి. రాపిడికి ఒక హద్దు ఉన్నది. హద్దు దాటితే కారు వెలుపలికి జారుతుంది. చాస్టెయిన్ జారడాన్ని ఆపుకోలేదు. జారి గోడకు ఆనుకొన్నాడు. టైర్లు ఇవ్వలేని బలాన్ని గోడ ఇచ్చినది. కారు ప్రక్కభాగం అరిగిపోయినది గాని పని నెరవేరినది.

నెరవేరినది గదా అని దానిని పద్ధతిగా అంగీకరించలేదు. అందరూ గోడను ఆశ్రయిస్తే, గోడ వెనుక ఉన్న ప్రేక్షకుల గతి ఏమి? 2023 జనవరిలో నిర్వాహకులు, భద్రతానియమం క్రింద ఇకపై ఇటువంటి పనికి శిక్ష తప్పదని ప్రకటించారు. లక్ష్యం చేరుకోవాలనే ఆత్రంలో యంత్రానికి ఉన్న రక్షణకవచాన్ని తప్పించి ఒక షిఫ్టు నెట్టుకురావడం ఎరిగిన మనకు ఇందులోని నీతి వివరించనక్కరలేదు. ఒకసారి తప్పించుకొనవచ్చును, దానినే అలవాటు చేసుకొనరాదు. ఫీనిక్స్‌లో జరిగిన అంతిమ పందెంలో చాస్టెయిన్ మూడవవాడుగా వచ్చాడు. బిరుదు జోయీ లొగానోకు దక్కినది.

మోటారు వెనుక సైకిళ్ళు

ఇంతవరకు వివరించి మేము సంతృప్తితో ఊరుకొన్నాము. మా అబ్బాయి మాత్రం ఊరుకోక, "గోడ లేకుండా, బ్రేకు లేకుండా ఇదే పని చేసినవాడు మన ద్వీపాలలోనే ఉన్నాడు గదా, నాన్నగారూ" అన్నాడు. వాడి ఉద్దేశం ఈసో ఆల్బెన్ గురించి.

కైరిన్ అనే సైకిలు పందెము 1948లో జపాన్‌లోని కొకురా పట్టణంలో పుట్టినది. 2000 సంవత్సరపు సిడ్నీ ఒలింపిక్స్ నుండి పురుషులకు, 2012 లండన్ ఒలింపిక్స్ నుండి స్త్రీలకు ఇది ఒలింపిక్ క్రీడ. కారు పందెమునకు దీనికి ఉన్న పోలిక ఆశ్చర్యం కలిగిస్తుంది. బాట అండాకారం. ముందుగా ఒక చిన్న మోటారు వాహనం బయలుదేరుతుంది. సైకిళ్ళవారు దాని వెనుక వరుసగా నడుస్తారు. ఆ వాహనం గంటకు 30 కిలోమీటర్ల వేగంతో మొదలుపెట్టి క్రమంగా 50 కిలోమీటర్లకు పెంచుతుంది. మొత్తం 1,500 మీటర్లలో సగం దూరం మిగిలి ఉండగా అది ప్రక్కకు తప్పుకొంటుంది. అటుపైన ఎవరి కాళ్ళు వారివి. గంటకు 60 కిలోమీటర్లు దాటిన వేగంతో భుజం భుజం రాసుకొంటూ పోవలెను. ఆ సైకిళ్ళకు బ్రేకులుండవు. చక్రం తిరిగినంతసేపు పెడలు తిరుగవలసినదే. ప్లేఆఫ్ పద్ధతి కూడా ఉన్నది. తొలి రౌండులో వెనుకబడినవారికి రెపెషాజ్ అనే మరొక అవకాశం, తరువాత సెమీఫైనల్, పిమ్మట ఫైనల్.

ఇక్కడ గోడ లేదు, ఉన్నది వాలు మాత్రమే. 250 మీటర్ల కొయ్య బాటలపై మలుపుల వద్ద వాలు 42 నుండి 45 డిగ్రీల వరకు ఉంటుంది. మనవంటివారు దానిపై నిలబడడమే కష్టం. మలుపు వ్యాసార్థం 25 మీటర్లు, వాలు 45 డిగ్రీలు అనుకొని లెక్క వేసి చూడండి. గంటకు సుమారు 56 కిలోమీటర్ల వేగం వద్ద టైర్ల రాపిడి ప్రసక్తి లేకుండానే వాలు ఒక్కటే సైకిలును మలుపు తిప్పుతుంది. మెల్లగా పోయేవాడు అక్కడ క్రిందికి జారుతాడు. వేగంగా పోయేవాడికి అదే వాలు అండగా నిలుస్తుంది. అండాకారపు బాటలో అసలు అండ ఇదే.

0.017 సెకన్లు

2018 ఆగస్టులో స్విట్జర్లాండులోని ఎయిగల్ పట్టణంలో ప్రపంచ జూనియర్ ట్రాక్ సైక్లింగ్ పోటీలు జరిగినవి. అక్కడి బాట ఇంకా చిన్నది, చుట్టుకొలత 200 మీటర్లే. సరళరేఖపై ఊపిరి తీసుకొనేలోగా మలుపు వస్తుంది. అక్కడ కైరిన్ ఫైనల్‌లో నికోబార్‌కు చెందిన పదిహేడేళ్ళ ఈసో ఆల్బెన్ రెండవ స్థానంలో నిలిచాడు. చెక్ దేశపు యువకుడు యాకుబ్ ష్టాస్ట్నీకీ అతనికీ నడుమ ఉన్న అంతరం 0.017 సెకన్లు. గంటకు 60 కిలోమీటర్ల వేగంతో లెక్కిస్తే అది 28 సెంటీమీటర్లు. జాన మీద మూడు వేళ్ళు. ప్రపంచ సైక్లింగ్ పోటీలలో భారతదేశానికి అదే తొలి పతకం. మరుసటి సంవత్సరం జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్ట్ ఆన్ డెర్ ఓడర్‌లో రోజిత్ సింగ్, రొనాల్డో సింగ్‌లతో కలిసి ఈసో జూనియర్ టీమ్ స్ప్రింట్‌లో స్వర్ణమే సాధించాడు.

అంతకు ముందే డెబొరా హెరాల్డ్ ఈ దారి వేసినది. 2004 డిసెంబరు 26న సునామీ కార్ నికోబార్‌ను ముంచెత్తినప్పుడు ఆమెకు తొమ్మిదేళ్ళు. చెట్టును పట్టుకొని ప్రాణం దక్కించుకొన్న పిల్ల. 2015లో 500 మీటర్ల టైమ్ ట్రయల్ ప్రపంచ ర్యాంకింగులలో ఆమె నాలుగవ స్థానానికి చేరినది. వీరి వెనుక డేవిడ్ బెక్‌హామ్ ఎల్కతోచూంగో వచ్చాడు. సముద్రం సర్వస్వం తీసికొనిపోయిన దీవి నుండి ఇంతమంది ఇంత తక్కువ కాలంలో పైకి వచ్చుట గర్వకారణము.

వీరి ప్రతిభ వీరిదే. అయినా, కార్ నికోబార్ నుండి ఓడనెక్కించి పంపిన తల్లిదండ్రులు, పోర్ట్ బ్లెయిర్‌లో మెలకువలు నేర్పిన శిక్షకులు, 2010 కామన్‌వెల్త్ క్రీడల కొరకు ఢిల్లీలో కట్టిన కొయ్య బాట, ఇవన్నియు లేకపోతే ఆ వేగం మలుపు వద్ద జారిపోయి ఉండేదే గదా.

మా ఇంటి ముచ్చట

ఇప్పుడు మేము చిక్కుకొన్న రెండవ ప్రశ్నకు వస్తాము. 2013లో మా అబ్బాయి పదవ తరగతి చదువుచున్నాడు. ఫీనిక్స్ బే నుండి అబర్డీన్ బజారు వరకు ఎగువ రోడ్డు వాడికి లెక్కలోనిది కాదు. బడిలో జరిగిన పోటీలో వాడిని చూసిన ఒక శిక్షకుడు స్వయంగా మా క్వార్టరుకు వచ్చి, "ఈ కుర్రవాడిని ఒక సంవత్సరం నాకు అప్పగించండి" అని అడిగాడు. మేము కాఫీ ఇచ్చి, చిరునవ్వుతో, "వచ్చే యేడు ఇంటర్మీడియట్, ఆపైన ఎంట్రన్సు పరీక్షలు" అని సాగనంపాము. వాడు గది తలుపు వద్ద నిలబడి విన్నాడు. ఏమీ అనలేదు. ఆ నెలలోనే సైకిలును మెట్ల క్రింద పెట్టినాడు. ఉప్పుగాలికి గొలుసు తుప్పుపట్టిన తరువాత మేమే దానిని పాత ఇనుము క్రింద అమ్మివేశాము.

వాడు చక్కగా చదివి ఉద్యోగం సంపాదించాడు. ఈసో పతకం గెలిచిన రోజున విశాఖపట్నం నుండి ఫోను చేసి, "చూశారా నాన్నగారూ, మనవాడు!" అన్నాడు. ఆ గొంతులో సంతోషమే ఉన్నది, నిష్ఠూరం లేదు. నిష్ఠూరం ఉంటే మాకు కొంత తేలికగా ఉండేది. వాడు పతకం తెచ్చి ఉండేవాడని మేము అనము. అందుకు మా వద్ద లెక్క ఏదీ లేదు. కాని వాడి వేగమెంతో తెలుసుకొనే అవకాశమే లేకుండా చేసినవారము మేము. జీవితమంతా కొలిచి నిర్ణయించవలెనని జూనియర్లకు చెప్పిన ఇంజనీరు, కొలవకుండా నిర్ణయించిన ఒకే ఒక విషయం ఇది.

మొన్న మా విభాగంలోనే పనిచేసే ఒక సహోద్యోగి ఒక ఫారం పట్టుకొని వచ్చాడు. అతని కూతురు తొమ్మిదవ తరగతి. సైక్లింగ్ శిక్షణకు ఎంపికైనది. తండ్రి సంతకం కావలెను. "అన్నగారూ, ఆడపిల్ల, సైకిలు తొక్కితే దాని బతుకు ఏటవుతాది? మీరు చదువుకున్నోరు, మీరు చెప్పండి" అన్నాడు. అతడు మా వద్దకు వచ్చినది వద్దనిపించుకోవడానికేనని మాకు అర్థమైనది. పన్నెండేళ్ళ క్రిందట అయితే అదే చెప్పి పంపేవారము.

మేము అతనికి గోడ కథా, వాలు కథా రెండూ చెప్పాము. "తమ్ముడూ, అందరికీ పతకాలు రావు. చదువు మానిపించమని ఎవరూ అనడం లేదు. ఒక సంవత్సరం చూడు. గడియారం చెబుతుంది, నీవూ నేనూ చెప్పలేము. అమ్మాయి మలుపు దగ్గరకు వేగంగా వస్తున్నది. అక్కడ మనం అండగా ఉంటే తిరుగుతుంది, లేకపోతే జారిపోయి ఏ గోడకో తగులుతుంది" అన్నాము. అతడు చాలాసేపు ఫారం వైపు చూసి, "ఇంట్లో దాని అమ్మను అడిగి చెబుతాను" అని వెళ్ళిపోయాడు.

మరునాడు ఉదయం జెట్టీ ఎగువన ఆ పిల్ల సైకిలుపై నిలబడి ఎగువకు తొక్కుచు కనిపించినది. సంతకం అయినదో లేదో అప్పటికి మాకు తెలియదు. మధ్యాహ్న భోజనవేళ అతడే వచ్చి, సంతకం చేసిన ఫారం చూపి, సాక్షి గడిలో మా సంతకం కూడా పెట్టించుకొని వెళ్ళాడు.

మన క్వార్టర్లలో ఇటువంటి పిల్లలు ఇంకెందరో ఉండవచ్చును. వారి ఫారములు మన బల్లల మీదకు వచ్చిన రోజున ఒక్క నిమిషం ఆగి, ముందు కొలిచి, ఆ తరువాతనే నిర్ణయించవలెనని సహోద్యోగులకు, వారి కుటుంబసభ్యులకు మా మనవి.