పటంలో ఇందిరమ్మ, పట్టాలో ఇందిరమ్మ

మర్రిపాడు మెట్టల్లో మా మాదిగవాడలో అవ్వ ఇంట్లో రెండే పటాలుండేవి. ఒకటి ఏసుప్రభువుది, ఇంకొకటి ఇందిరమ్మది. అంబేద్కర్ పటం మేం చదువుకోబోయినాకనే ఇంటికొచ్చింది. ఇందిరాగాంధీ నియంత అనే మాట నేను మొదట విన్నది యూనివర్శిటీలో. ఆ మాట అబద్ధం కాదు. "మాకు సెంటు నేల సూపించింది ఆ తల్లే అబ్బయా" అని అవ్వ చెప్పిందీ అబద్ధం కాదు. ఒకే మనిషి గురించిన ఈ రెండు నిజాలను దళిత ఉద్యమం ఎట్లా అర్థం చేసుకోవాలి? మనలో చాలామంది ఒక నిజాన్ని పట్టుకొని రెండోదాన్ని వదిలేస్తున్నారు. అందుకే ఈ నాలుగు మాటలు.

ముందు వాడ పక్క నుంచి చూద్దాం. 1969 జులై 19న ఇందిర ప్రభుత్వం 14 బ్యాంకులను జాతీయం చేసింది. 1971 ఎన్నికల్లో 'గరీబీ హటావో' అంది. 1975 జులైలో 20 సూత్రాల కార్యక్రమం ప్రకటించింది. అప్పు కింద పిల్లోణ్ణి ఆసామి ఇంట్లో జీతానికి పెట్టే వెట్టిని 1975 అక్టోబరులో ఆర్డినెన్సుతోను, 1976లో చట్టంతోను రద్దు చేసింది. అంటరానితనం నేరాల పాత చట్టాన్ని 1976లో పౌరహక్కుల రక్షణ చట్టంగా మార్చి శిక్షలు పెంచారు. రాష్ట్రంలో 1973 నాటి భూసంస్కరణల చట్టం 1975 జనవరి 1 నుంచి అమలుకొచ్చింది. పేదలకిచ్చిన డీకేటీ భూమిని ఇంకొకరు కొంటే చెల్లదని 1977 నాటి 9వ చట్టం చెప్పింది. తరతరాలుగా సర్కారు పేరు వింటేనే దాక్కున్న జనానికి, సర్కారు ముద్ర ఉన్న కాయితం మొదటిసారి చేతికి రావడం చిన్న సంగతి కాదు. అవ్వ పటం పెట్టుకోవడం అమాయకత్వం అని నవ్వేవాళ్లకు ఇది తెలియదు.

ఇప్పుడు రెండో పక్క. ఈ కాయితాలు పంచిన కాలమే ఎమర్జెన్సీ కాలం. 1975 జూన్ 25 నుంచి 1977 మార్చి 21 దాకా పత్రికల నోరు కట్టేశారు. ప్రతిపక్షాన్ని జైళ్లలో పెట్టారు. అక్రమంగా నిర్బంధించిన మనిషికి కోర్టుకెళ్లే హక్కు లేదని 1976 ఏప్రిల్ 28న సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. రైతుకూలీల పోరాటంలో ఉన్న భూమయ్యను, కిష్టాగౌడ్‌ను 1975 డిసెంబరు 1న ముషీరాబాద్ జైల్లో ఉరితీశారు. 1976-77లో దేశంలో 80 లక్షలకు పైగా కుటుంబ నియంత్రణ ఆపరేషన్లు జరిగాయి. ఉత్తరాదిలో పోలీసుల బలంతో పేదలనే ఎక్కువగా ఈడ్చుకుపోయారు. వెట్టి రద్దయిందని చట్టం చెప్తుంది. ఆ చట్టం అమలుచేయమని కూలీలు సంఘం కట్టి రోడ్డెక్కితే అరెస్టు. అడిగే హక్కు లేకుండా వచ్చిన మేలు ఎంతదూరం నడుస్తుంది?

ఓట్ల లెక్క కూడా ఇట్లాగే చీలింది. 1977లో ఉత్తరాది ఇందిరను రాయబరేలీలోనే ఓడించింది. ఆంధ్రప్రదేశ్ మాత్రం 42 లోక్‌సభ సీట్లలో 41 కాంగ్రెస్‌కిచ్చింది. మిగిలిన ఒక్కటి నంద్యాలలో నీలం సంజీవరెడ్డి గెలిచాడు. 1978 అసెంబ్లీ ఎన్నికల్లో ఇందిరా కాంగ్రెస్‌కు 294లో 175 వచ్చాయి. అదే ఎన్నికల్లో మన పక్కన ఉదయగిరిలో గెలిచింది జనతా అభ్యర్థి, ఎమర్జెన్సీలో జైలుకెళ్లిన ఎం. వెంకయ్యనాయుడు.

ఎమర్జెన్సీని ఎదిరించినవాళ్లంతా దళితుల పక్షమేనా అంటే అదీ కాదు. ఎమర్జెన్సీ తీర్మానాన్ని లోక్‌సభలో పెట్టిన జగ్జీవన్‌రామ్ 1977 ఫిబ్రవరిలో బయటికొచ్చి ఇందిరను దెబ్బతీశాడు. గెలిచినాక జనతావాళ్లు ప్రధాని కుర్చీ మొరార్జీకిచ్చారు గాని ఆయనకివ్వలేదు. 1977 మేలో బీహారులోని బెల్చీలో దళితులను కాల్చి చంపితే, ఆగస్టులో ఏనుగెక్కి ఆ బురదలో పోయింది ఓడిపోయిన ఇందిరే. అయితే 1968లో కంచికచర్లలో కోటేశును తగలబెట్టినప్పుడు, అదే ఏడు డిసెంబరులో కీలవెణ్మణిలో 44 మందిని గుడిసెలో మాడ్చినప్పుడు ప్రధాని కూడా ఆమే.

మరి భూమి సంగతేంది? అసలు కిటుకు ఇక్కడుంది. సీలింగు చట్టం ప్రకారం అయిదుగురున్న కుటుంబానికి మాగాణి 10 నుంచి 27 ఎకరాలు, మెట్ట 35 నుంచి 54 ఎకరాలు. చట్టం కళ్లబడేలోపే ఆసాములు భాగాలు పంచుకున్నారు, బినామీ పేర్లు పెట్టారు. అమలు చేయాల్సినవాళ్లెవరు? ఊళ్లో కరణం, మునసబు. లెక్కలన్నీ వంశపారంపర్యంగా అగ్రకులాల చేతిలోనే ఉన్నాయి. ఆ పదవులు 1984లో గాని రద్దు కాలేదు. ఢిల్లీ మాట వాడకు చేరాలంటే ఈ చేతుల మీదుగానే రావాలి. అందుకే పట్టా వాడకొచ్చింది, నేల ఆసామి దగ్గరే నిలిచింది. ఇందిర ముఖ్యమంత్రులను మార్చింది గాని ఈ చేతులను మార్చలేదు. 1978-83 మధ్య రాష్ట్రానికి నలుగురు ముఖ్యమంత్రులొచ్చారు, ఒక్క దళితుడు లేడు. 1960-62లో దామోదరం సంజీవయ్య తర్వాత ఆంధ్రప్రదేశ్‌లో ఆ కుర్చీ మళ్లీ దళితుడికి దక్కలేదు. పేదల ఓట్లు ఢిల్లీకి, ఊరి పెత్తనం పాతవాళ్లకు. ఇదీ ఆమె రాజకీయం నడిచిన తీరు.

రాజకీయాల్లో భక్తి నియంతృత్వానికి దారి తీస్తుందని అంబేద్కర్ 1949 నవంబరులోనే రాజ్యాంగసభలో హెచ్చరించాడు. భక్తిలో హక్కు కూడా దానంగా కనిపిస్తుంది. 'ఇందిరమ్మ ఇచ్చింది' అన్నామంటే ఇచ్చినవాళ్లు తీసుకోవచ్చనీ ఒప్పుకున్నట్టే. ఆ పోరంబోకులో రాళ్లేరి దున్నింది మనవాళ్లు. అట్లాగే 1989 అత్యాచారాల నిరోధక చట్టం ఏ తల్లి దయా కాదు. 1985 జులై 17న కారంచేడులో మాదిగలను చంపినాక లేచిన పోరాటం దాని వెనక ఉంది.

ఇది పాత కథ అనుకోవద్దు. 2006లో రాష్ట్రంలో ఇళ్ల పథకానికి ఆమె పేరే పెట్టారు, 2024లో తెలంగాణలో మళ్లీ పెట్టారు. 2023లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 1977 చట్టాన్ని సవరించి, 20 ఏళ్లు దాటిన అసైన్‌మెంటు భూములకు అమ్ముకునే హక్కు ఇచ్చింది. అక్రమాలు జరిగాయంటూ 2024లో వచ్చిన ప్రభుత్వం ఆ రిజిస్ట్రేషన్లు ఆపింది. అమ్మే హక్కు సరే, నేల చేతిలో లేనోడు ఏం అమ్ముతాడు? కాబట్టి వాడలకు పోయే కార్యకర్తలకు, టీచర్లకు నా మనవి: పటం చూసి నవ్వొద్దు, దండం పెట్టొద్దు. మూడు సంగతులు అడగండి. పట్టా ఎవరి పేరున ఉంది? దున్నేది ఎవరు? అడంగల్‌లో అనుభవదారుడుగా ఎవర్ని రాశారు?

అవ్వకు పట్టా వచ్చింది 1976లో, రెండెకరాలకు. ఆ నంబరు పట్టుకొని నేను అడంగల్ తీయించాను. అనుభవదారు గడిలో వేరే ఇంటిపేరు ఉంది. ఆ పేరు రాసింది ఇందిరాగాంధీ కాదు. దాన్ని కొట్టేయించడానికి ఆమె రాదు. ఆ పని మనది.