ఎవరి చోట వారుంటేనే... ఈస్ట్ కణం చెప్పే పాఠం

తాటికల్లు పొంగడానికీ, రొట్టెల పిండి ఉబ్బడానికీ కారణం ఈస్ట్ అనే ఏకకణ జీవి. మిల్లీమీటరులో సుమారు 200వ వంతు ఉండే ఈ కణంలో దాదాపు 6,000 జన్యువులున్నాయి. వాటి ఆదేశం మేరకు వేలాది రకాల ప్రోటీన్లు తయారవుతాయి. అయితే తయారైతే చాలదు. ప్రతి ప్రోటీనూ తన చోటికి చేరాలి. తూము దగ్గర ఉండవలసిన లస్కరు ఇంటి అరుగు మీద కూర్చుంటే కాలువ చివరి పొలానికి నీరందదు కదా! కణంలోనూ అంతే.

ఏ ప్రోటీన్ ఎక్కడ ఉన్నదో తెలిసేదెలా? ఒక రకం జెల్లీ చేపలో పచ్చగా వెలిగే ప్రోటీన్ ఉంటుంది. దానిని ఈస్ట్ ప్రోటీన్లకు ఒక్కొక్కదానికి తోకలా తగిలిస్తే సూక్ష్మదర్శినిలో వాటి నెలవు కనిపిస్తుంది. ఈ పద్ధతిలో శాన్‌ఫ్రాన్సిస్కోలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ పరిశోధకులు 4,156 ప్రోటీన్ల స్థానాలను గుర్తించి 2003లో ప్రకటించారు.

ఈ చోటు విలువ ఎండోసైటోసిస్ అనే ప్రక్రియలో స్పష్టమవుతుంది. కణం తన పైపొరను లోనికి గుంటలా వంచి, తుంచి, సంచిగా మార్చి, బయటి పదార్థాలను లోపలికి తీసుకోవడమే ఎండోసైటోసిస్. ఈస్ట్‌లో ఇందుకు సుమారు 60 ప్రోటీన్లు వంతులవారీగా పనిచేస్తాయి. మొదట క్లాథ్రిన్, దాని సహాయకులు పొరపై ఒకచోట గుమిగూడి సరుకును పోగుచేస్తాయి. తరువాత యాక్టిన్ పోగులు అల్లుకొని, కణం లోపలి ఒత్తిడికి ఎదురొడ్డి పొరను లోనికి లాగుతాయి. ఈ లాగుడు ఘట్టం సుమారు 15 సెకన్లలో ముగుస్తుంది.

పొరనూ యాక్టిన్‌నూ కలిపే ముడి ఎస్‌ఎల్‌ఏ2 అనే ప్రోటీన్. బర్క్‌లీలో మార్కో కాక్సోనెన్, డేవిడ్ డ్రూబిన్ ప్రభృతులు అది లేని కణాలను పరిశీలించారు. యాక్టిన్ పోగులు తోకచుక్క తోకల్లా పెరిగాయి గాని పొర లోనికి కదలలేదు. చేదకు ముడి వేయకుండా చేంతాడు లాగినట్లయింది!

మన కణాలు కూడా క్లాథ్రిన్ గుంటల ద్వారానే రక్తంలోని కొలెస్ట్రాల్‌ను లోనికి తీసుకుంటాయి. మైకేల్ బ్రౌన్, జోసెఫ్ గోల్డ్‌స్టీన్ (1985 నోబెల్ గ్రహీతలు) ఒక రోగి కణాలలో వింత గమనించారు. కొలెస్ట్రాల్‌ను పట్టే ప్రోటీన్లు ఉన్నాయి, పట్టుకుంటున్నాయి కూడా. కాని గుంటల వద్ద చేరక పొరంతా చెదిరి ఉన్నాయి. ఆ ప్రోటీన్ తోకలో ఒకే ఒక్క అమైనో ఆమ్లం మారడమే అందుకు కారణం. ఫలితంగా కొలెస్ట్రాల్ రక్తంలోనే నిలిచిపోయింది.

కొలెస్ట్రాల్‌ను పట్టే ఈ ప్రోటీన్‌లో లోపం తల్లిదండ్రులిద్దరి నుంచీ సంక్రమిస్తే బిడ్డకు బాల్యంలోనే గుండెజబ్బు రావచ్చు. మేనరికాలలో అందుకు అవకాశం హెచ్చు. కనుక వంశంలో చిన్న వయసులో గుండెపోటు వచ్చినవారుంటే పిల్లలకు కొలెస్ట్రాల్ పరీక్ష చేయించడం మేలు. ముందుగా తెలిస్తే చికిత్స ఉంది.