మీకు తెలుసా? నదిపై తెట్టు, ఊరిపై వ్యయభారము

1991వ సంవత్సరపు చివరి మాసములలో, వానలు కఱవై ప్రవాహము మందగించిన ఆస్ట్రేలియా దేశపు బార్వన్–డార్లింగ్ నదిలో, నీలాకుపచ్చ నాచు సుమారు 1,000 కిలోమీటర్ల పొడవున, ఒలికిపోయిన పచ్చరంగు వలె చిక్కగా తెట్టు కట్టినదనియు, న్యూ సౌత్ వేల్స్ ప్రభుత్వము అత్యవసర పరిస్థితిని ప్రకటించి, తీరవాసులకు సైన్యముచే మంచినీటి ఏర్పాట్లు గావింపవలసి వచ్చినదనియు మీకు తెలుసా?

నాచు అని మనము వాడుకగా పిలుచుచున్నను, అది నిజమునకు సూర్యరశ్మితో ఆహారము సిద్ధపఱచుకొను సూక్ష్మజీవి. పొలములనుండియు మురుగుకాల్వలనుండియు వచ్చి చేరు భాస్వరము దానికి పుష్టి, కదలని వెచ్చని నీరు దానికి నెలవు. తెట్టు కట్టిన నీటిని కాచినను ఆ సూక్ష్మజీవి పుట్టించు విషము విఱుగదు. పైపెచ్చు కణములు పగిలి, లోపలి విషము నీటిలోనికి దిగును. కావున శుద్ధికేంద్రములు ఉత్తేజిత బొగ్గుపొడి వంటి ఖరీదైన సాధనములను ఆశ్రయింపవలసివచ్చును. గట్టున వంగి దప్పి తీర్చుకొన్న గొఱ్ఱె కొంతసేపటికే కాళ్లు మడిచి కూలిపోవుట చూచిన కాపరి దుఃఖమును ఏ పద్దున వ్రాయగలము? వ్రాయదగిన నష్టములనే కూడి చూచినప్పుడు, ఇట్టి తెట్టులవలన ఆ దేశమునకు ఏటా 18 నుండి 24 కోట్ల ఆస్ట్రేలియన్ డాలర్లు వ్యయమగుచున్నవని 2000 ప్రాంతమున అంచనా వేసిరి.