నెల్లూరు నుండి నేటాలుకు

గృహనిర్వాహకత్వం అనగానే మనలో చాలామందికి కానుకల సంచి, దశమభాగం గుర్తుకొస్తాయి. అవి అవసరమే. అయితే మొదటి పేతురు పత్రిక 4:10లో ఆ మాట వచ్చిన చోట డబ్బు ప్రస్తావన లేదు. ఎవరు ఏ కృపావరం పొందారో దానితోనే ఇతరులకు ఉపచారం చేయాలని అపొస్తలుడు చెబుతున్నాడు. గృహనిర్వాహకుడు యజమాని కాడు. తన చేతికి అప్పగించిన దానికి లెక్క చెప్పవలసినవాడు.

ఈ సత్యాన్ని నెల్లూరు తీరపు సంఘాలు తమ చరిత్రలోనే చూడవచ్చు. 1840లో శామ్యూల్ డే దొరగారు నెల్లూరు వచ్చారు. చాలా ఏళ్లు ఫలం అంతంతమాత్రమే. ఈ మిషన్‌ను మూసివేద్దామా అని అమెరికాలో ఒకటికి రెండుసార్లు చర్చించారు. తర్వాత 1876-78 ధాత కరువు వచ్చింది. ఒంగోలు నుండి క్లౌ దొరగారు బకింగ్‌హాం కాలువ తవ్వకంలో కొంత పని తీసుకుని ఆకలిగొన్నవారికి కూలి చూపించారు. 1878 జూలై 3న గుండ్లకమ్మ నదిలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. వారిలో అత్యధికులు రెక్కాడితేగాని డొక్కాడని పేదలు.

అలాంటివారి సంఘాలే పాతికేళ్లకు, 1903లో, తమ సొంత హోం మిషన్ సొసైటీ ద్వారా జాన్ రంగయ్యగారిని దక్షిణాఫ్రికాలోని నేటాలుకు మిషనరీగా పంపాయి. చెరకు, తేయాకు తోటల్లో పనికి ఒప్పందం మీద వెళ్లిన తెలుగు కూలీలు అక్కడున్నారు. వారికి వారి భాషలో వాక్యం చెప్పేవారు కావాలి. మన సంఘాల దగ్గర ధనం కొద్దిగానే ఉంది, తెలుగు ఉంది, విశ్వాసం ఉంది. ఉన్నదే పంచారు. పుచ్చుకునే సంఘం పంపే సంఘమైంది. మాసిదోనియ సంఘాల గురించి పౌలు కొరింథీయులకు రాసిందీ ఇలాంటి ధారాళాన్నే.

మరి నేడు? మన సంఘ కమిటీల్లో గోడలు, మైకులు, రంగుల లెక్కలకే సమయం సరిపోతోంది. బయటినుండి సహాయం ఎప్పుడొస్తుందా అని ఎదురుచూడడమూ మనకు అలవాటైపోయింది. ఆ అలవాటు మనల్ని తిరిగి పుచ్చుకునేవారిగానే మిగులుస్తుంది.

వేట నిషేధ కాలంలో పడవలు ఒడ్డునే ఉంటాయి. భృతికి దరఖాస్తు ఎలా చేయాలో తెలియని కుటుంబాలు మన వీధిలోనే ఉంటాయి. ఆ పనిలో వారికి సాయపడగల యువకుడు మన బెంచీలోనే కూర్చుంటాడు. రిటైరైన టీచరమ్మ సాయంత్రం పదిమంది పిల్లలకు చదువు చెప్పగలదు. నర్సుగా పనిచేసే సోదరి ఆరాధన తర్వాత పెద్దల బీపీ చూడగలదు. కువైట్‌లో ఇంటిపనికి వెళ్లిన చెల్లెలికి వారానికొకసారి ఫోన్ చేసి ప్రార్థించడానికి ఏ కృపావరం ఉన్నవారైనా చాలు. మన విశ్వాసం ఎలాంటిదో పొరుగువారు చూసేది ఇలాంటి చోటనే.

కాబట్టి ఈ ఆదివారం కానుకల రిజిస్టరు పక్కన మరో నోటుబుక్కు పెడదాం. సంఘంలోని ప్రతివారి పేరు, వారికి ఏ పని వచ్చో అందులో రాద్దాం. కూలికి వెళ్లే అమ్మ పేరునూ విడిచిపెట్టవద్దు. వచ్చే కమిటీ సమావేశంలో లెక్కలకు ముందు ఆ పుస్తకం తెరుద్దాం.