బిగిజడ చేయు చెరుపు: బస్తరు బాలికల కేశరక్షణ

జుట్టున్నమ్మ ఏ కొప్పు పెట్టినను అందమే యని సామెత. అయితే కొప్పు పెట్టుటకు జుట్టు నిలిచి యుండవలెను గదా! ఎదుగుచున్న బాలికకు నుదుటిపై జుట్టు పలుచబడి, కణతలయొద్ద చర్మము బయటపడినచో ఆమె పడు మనోవ్యథ చిన్నది కాదు. బడికి పోవుటకు జంకును. నలుగురిలోనికి వచ్చుటకు సంకోచించును. పెండ్లిమాట వచ్చినప్పుడు తల్లిదండ్రులు దిగులు పడుదురు. ఇట్టి నష్టములో కొంత రోగమువలన గాక, ప్రతిదినము జుట్టును బిగించి కట్టుటవలననే కలుగుచున్నది. కాసు ఖర్చు లేకయే దీనిని నివారింపవచ్చును. కాని సకాలమున గుర్తింపనిచో ఎంత ఖర్చు చేసినను పోయిన జుట్టు మరల రాకపోవచ్చును.

బస్తరు సీమలో కేశసంప్రదాయము

ఇంద్రావతీ, శబరీ నదులు పారు బస్తరు సీమ 2000వ సంవత్సరము నవంబరు 1వ తేదీనుండి ఛత్తీస్‌గఢ్ రాష్ట్రములో నున్నది. ఒకప్పుడు ఒకే జిల్లాగా నుండిన ఈ ప్రాంతము నేడు 7 జిల్లాలుగా విభక్తమైనది. దక్షిణమున నున్న కొంట, భోపాలపట్నము ప్రాంతములు తెలుగు జిల్లాలకు పొరుగువి; అచటి జనులలో అనేకులకు తెలుగు పరిచితమైన భాష.

ఇచటి గోండు జనులలో జుట్టుపై శ్రద్ధ పాతకాలమునుండి వచ్చుచున్నది. మురియా యువకులు కొయ్యతో దువ్వెనలు చెక్కి, వానిపై నగిషీ గీతలు తీర్చి, యువతులకు కానుకగా నిచ్చెడివారు. యువతులు వానిని కొప్పులో ధరించెడివారు. వెరియర్ ఎల్విన్ మురియాలను గూర్చి 1947లో ప్రకటించిన గ్రంథములో ఈ దువ్వెనలును, ఘోటుల్ అను యువజన గృహమున యువతులు యువకుల తల దువ్వు ఆచారమును వర్ణింపబడినవి. తల ఆనించుకొనుటకు కొయ్యతో చెక్కిన దిమ్మెలును ఈ జనులలో నుండెను. జపానులోను ఆఫ్రికాలోను కట్టిన కొప్పు నలగకుండుటకు ఇట్టి కొయ్య తలగడలనే వాడిరి. జుట్టును కట్టుట యొక పని. కట్టినదానిని నిద్రలో కాపాడుట మరియొక పని యని పూర్వులు ఎరుగుదురు.

నేడు ఆశ్రమశాలలలోను వసతిగృహములలోను ఉండి చదువుకొను బాలికలు అనేకులు కలరు. తెల్లవారుజామున లేచి స్నానము, ప్రార్థన, పాఠము ముగించుకొనవలెను. తల దువ్వుకొనుటకు దొరకు కాలము స్వల్పము. జుట్టునంతటిని వెనుకకు లాగి, రబ్బరుతో ఒకచోట బిగించి, చివరలను తోకవలె వదలు పోనీటెయిల్ పద్ధతి ఈ తొందరకు అనుకూలమైనది. ఆ పద్ధతియే తప్పు కాదు, బిగింపు తప్పు. తడి ఆరకముందే కట్టుట రెండవ తప్పు. ఉదయము కట్టినదానిని మరునాటి ఉదయమువరకు విప్పక, దానిపైననే పరుండుట మూడవ తప్పు.

వెండ్రుక స్వభావము

మానవుని తలపై సుమారు 1 లక్ష వెండ్రుకలుండును. ఒక్కొక్క వెండ్రుక చర్మములోని రోమకూపమునుండి పుట్టి, నెలకు సుమారు 1 సెంటీమీటరు చొప్పున 2 మొదలు 6 సంవత్సరములవరకు పెరిగి, పిమ్మట కొన్ని నెలలు విశ్రమించి రాలిపోవును. అదే కూపమునుండి క్రొత్త వెండ్రుక మొలచును. కనుక దినమునకు 50 మొదలు 100 వెండ్రుకలు రాలుట సహజము, దానికి భయపడనక్కరలేదు.

బయటకు కనబడు వెండ్రుకకు ప్రాణము లేదు. అందుచేతనే కత్తిరించినపుడు నొప్పి పుట్టదు. ప్రాణము కూపములోని మూలమునందున్నది. కొమ్మ విరిగిన చెట్టు మరల చిగుర్చును. వేరు చచ్చిన చెట్టు చిగుర్పదు. వెండ్రుక విషయమును అట్టిదే. వెండ్రుకపై పెంకుటింటి కప్పువలె సన్నని పొలుసులు ఒకదానిపై నొకటి పేర్చబడియుండును. రాపిడివలన అవి లేచిపోయినచో వెండ్రుక గరుకెక్కి, చిక్కుపడి, నడుమ తెగును. తడిసిన వెండ్రుక ఎక్కువగా సాగును, బలము తగ్గి యుండును. అప్పుడు లాగి దువ్విన సులభముగా తెగిపోవును.

లాగుడువలన కలుగు వ్యాధి

నిరంతరపు లాగుడువలన జుట్టు ఊడుటను వైద్యులు ట్రాక్షన్ అలొపీషియా అందురు. జుట్టును బిగించి తోకవలె కట్టుకొను గ్రీన్‌లాండు స్త్రీలలో ట్రెబిట్ష్ అను పరిశోధకుడు 1907లోనే దీనిని వర్ణించెను. పిదప గట్టి జడలు అల్లుకొను ఆఫ్రికా సంతతి స్త్రీలలోను, జుట్టును బిగించి ముడివైచుకొను సిక్కు బాలురలోను ఈ వ్యాధియే కనబడినది. దేశము వేరైనను, కట్టు వేరైనను, కారణమొక్కటే.

పోనీటెయిల్ కట్టినపుడు లాగుడు ముఖ్యముగా నుదుటి అంచునను కణతలయొద్దను పడును. అచటి సన్నని వెండ్రుకలు ముందుగా లొంగిపోవును. మొదట కూపముచుట్టు ఎఱ్ఱదనము, నొప్పి, చిన్న పొక్కులు పుట్టును. పిమ్మట వెండ్రుకలు పలుచనై పొట్టివగును. తుదకు కూపము మూసికొనిపోయి, ఆ స్థానమున మచ్చ ఏర్పడును. మొదటి దశలలో లాగుడు మానిన కొన్ని నెలలలో జుట్టు మరల వచ్చును. తుది దశ వచ్చిన తరువాత ఏ నూనెయు ఏ మందును మూసికొనిన కూపమును తెరువజాలదు. కావున ఈ వ్యాధిలో కాలమే ముఖ్యము.

బిగువువలన తలనొప్పియు కలుగును. పోనీటెయిల్ కట్టు స్త్రీలను ప్రశ్నించి 2004లో ప్రకటించిన ఒక పరిశీలనలో సగముకంటె ఎక్కువమంది తమకు కట్టువలన తలనొప్పి వచ్చుచున్నదని తెలిపిరి. కట్టు వదులుచేసిన నొప్పి తగ్గును. సాయంకాలము కట్టు విప్పగానే “హమ్మయ్య” అనిపించినచో, ఆ కట్టు పగలెల్ల బిగువుగా నుండెనని గ్రహింపవలెను.

నిద్రించునపుడు

కట్టిన ముడి తలకును తలగడకును నడుమ నలుగుచున్నప్పుడు, ప్రక్కకు తిరిగిన ప్రతిసారియు మూలములు లాగబడును. గరుకు చాపపైనను గోనెపైనను తల రాచుకొనినచో పొలుసులు లేచి వెండ్రుక తెగును. పగలు 12 గంటలు లాగుడు పొందిన కూపమునకు రాత్రియైనను విశ్రాంతి లేకపోయిన, ఆ మూలము కోలుకొను అవకాశమే లేదు. అందుచేత రాత్రి కట్టు విప్పుట అన్నిటికంటె సులభమైన చికిత్స.

తొలి గుర్తులు

ఈ దిగువ గుర్తులలో ఏ యొక్కటి కనబడినను కట్టు మార్చవలెను:

1. జుట్టు కట్టిన పిదప కనుబొమలు పైకి లాగినట్లుండుట.
2. వెండ్రుకల మొదట చర్మము గుడారమువలె పైకి లేచియుండుట.
3. నుదుటి అంచున దురద, మంట, పొక్కులు కలుగుట.
4. కణతలయొద్ద సన్నని పొట్టి వెండ్రుకలు మాత్రమే మిగులుట.
5. రబ్బరు కట్టుచోట వెండ్రుకలు సగములో తెగియుండుట.

ఆచరింపవలసిన నియమములు

1. కట్టు క్రింద ఒక వ్రేలు సులభముగా దూరునంత వదులుండవలెను.
2. ముడి ప్రతిదినము ఒకేచోట నుండరాదు. ఒకనాడు మెడకు దగ్గరగాను, మరునాడు ప్రక్కగాను, వేరొకనాడు వదులుజడగాను మార్చవలెను. వారమునకు ఒకటి రెండు దినములు ముడి లేకుండుట మేలు.
3. కాగితపు కట్టలకు వాడు సన్నని రబ్బరు తలకు వాడరాదు. గుడ్డ చుట్టిన వెడల్పు కట్టు గాని, మెత్తని రిబ్బను గాని వాడవలెను. రబ్బరు జుట్టులో చిక్కుకొనినచో లాగక, కత్తెరతో రబ్బరునే కత్తిరింపవలెను.
4. తడిజుట్టును మెత్తని గుడ్డతో అద్ది, ఆరిన పిదపనే కట్టవలెను. వెడల్పుపండ్ల దువ్వెనతో మొదట చివరలను, తరువాత నడుమను, తుదకు మొదళ్లను దువ్వవలెను.
5. రాత్రి కట్టు విప్పి, చిక్కుతీసి, వదులుగా జడ అల్లి, భుజముమీదుగా ముందునకు వేసికొని పరుండవలెను. తలక్రింద మెత్తని నూలుగుడ్డ పరచవలెను.
6. తలపై బరువు మోయువారు చుట్టకుదురు ముడిమీద పడకుండ, జుట్టు లాగబడకుండ అమర్చుకొనవలెను.

నూనెలను గూర్చి ఒక మాట చెప్పవలెను. బస్తరులో తోరా యనబడు ఇప్పగింజల నూనె విరివిగా వాడుకలో నున్నది. నూనె జుట్టును మృదువుచేసి రాపిడి తగ్గించును. కొబ్బరినూనె వెండ్రుకలోని ప్రోటీను నష్టమును తగ్గించునని 2003లో ప్రకటింపబడిన ఒక పరిశోధనలో తేలినది. పొద్దుతిరుగుడు నూనెకు ఆ గుణము కనబడలేదు. కాని ఏ నూనెయు బిగింపువలని చెరుపును ఆపజాలదు. పొక్కులున్నచోట నూనె పట్టించుట మాని వైద్యునికి చూపవలెను.

ఇతర కారణములు మరువరాదు

ఊడిన జుట్టెల్ల బిగిజడ దోషమే యనుకొనరాదు. తీవ్రమైన జ్వరము వచ్చిపోయిన 2 లేక 3 నెలలకు తలయంతట జుట్టు రాలవచ్చును. అది సాధారణముగా మరల వచ్చును. మలేరియా బాధితమైన బస్తరులో దీనిని గుర్తుంచుకొనవలెను. 2020 జనవరిలో ఆరంభమైన మలేరియాముక్త బస్తరు కార్యక్రమమున ఆరోగ్య కార్యకర్తలు ఇంటింటికి వచ్చి రక్తపరీక్ష చేసిరి. రక్తములో ఇనుము తగ్గినను జుట్టు పలుచబడును. గుండ్రని మచ్చగా జుట్టు ఊడి, పొలుసులు కట్టినచో తామర యని అనుమానింపవలెను. అది ఒకరినుండి ఒకరికి అంటును గాన దువ్వెన ఇచ్చిపుచ్చుకొనరాదు. ఇట్టివి కనబడినప్పుడు గ్రామములోని మితానిన్‌కు తెలిపి, ప్రాథమిక ఆరోగ్య కేంద్రమునకు పోవలెను. జగదల్పూరులోని ప్రభుత్వ వైద్య కళాశాల ఆసుపత్రి పెద్ద చికిత్సలకు కలదు.

తల్లుల బాధ్యత, వసతిగృహముల బాధ్యత

చిన్న బాలిక తన నుదుటి అంచును తాను చూచుకొనజాలదు. “నొప్పి పుట్టుచున్నది” అనినను పెద్దలు “జడ చక్కగా నుండవలెను” అని మరింత బిగింతురు. ఆ నొప్పియే మొదటి హెచ్చరిక. వసతిగృహములో నిద్రకు ముందు 10 నిమిషములు కేశవిమోచనకు నియమించి, పెద్ద బాలికలు చిన్నవారి జుట్టు విప్పి చిక్కుతీయు అలవాటు చేసినచో, బిగువు తగ్గుటయేగాక పేలు, పొక్కులు, మచ్చలు తొలిదశలోనే కనబడును. మురియా పల్లెలలో ఒకరి తల ఒకరు దువ్వు ఆచారము ఈ నేలకు క్రొత్తది కాదు. కావలసినదెల్ల ఒక దువ్వెన, ఒక మెత్తని రిబ్బను, కొద్దిపాటి ఓపిక. ఈ మూడును ఉన్న ఇంట బాలికల జుట్టు మూలము చెడకుండ నిలుచును.